ఏడు తర్వాత తొమ్మిది

“చదువక్కా. ఎనిమిదోది చదువు.”

ఇంట్లో బొంగరం అని పిలిచే చెల్లెలు ఒక కాగితాన్ని బల్ల మీద పరిచి అరచేత్తో నొక్కి పట్టుకుంది. సంచీ ఇంకా భుజాన్నే ఉంది. చెప్పులు కూడా విడవలేదు.

బోర్డక్క పొయ్యి దగ్గర నుంచి కదలలేదు.

“ముందు కాళ్ళు కడుక్కుని రా. టీ తాగాక...”

“టీ వద్దు. ప్రతి సోమవారం చదువుతావుగా? ఇవాళా సోమవారమే. చదువు.”

గోడవారన కుర్చీలో బఠాణీలు ఒలుస్తున్న మేనత్త చేతులు ఆగాయి. ఆపరేషనయ్యాక కూడా ఆమె కళ్ళకు అక్షరాలు ఆనవు. చెవులు మాత్రం పక్కింటి గుసగుసను కూడా వదిలిపెట్టవు.

“కొత్త కాగితం వచ్చిందా?” అంది ఆశగా.

“పాతదే అత్తా. పోయిన వారానిది. కళ్ళజోడు దగ్గర తీసుకొచ్చా.”

కళ్ళజోడు అంటే బొంగరం తరగతిలో ముందు బెంచీ కుర్రాడు. అతని పేరు ఈ ఇంట్లో ఇంతవరకూ ఇంత కోపంగా ఎవరూ అనలేదు.

“ఇవాళ కాంటీనులో వాడు నాతో ఏమన్నాడో తెలుసా? ‘నువ్వు దరఖాస్తు పెట్టలేదటగా, థాంక్స్, నువ్వు పెడతావేమోనని వారమంతా నాకు నిద్ర లేదు’ అన్నాడు. దేనికి అనడిగా. వాడు నా మొహం చూసి భయపడ్డాడు. దేనికో నాకు తెలీదని వాడికప్పుడు అర్థమైంది.”

బోర్డక్క పొయ్యి కట్టేసింది. చెంగుతో చేతులు తుడుచుకుంది. తడి లేని చేతుల్ని మళ్ళీ తుడుచుకుంది.

ఇంజనీరింగ్ కాలేజీలో ఆమె అటెండరు. ఇరవై ఒక్క ఏళ్ళుగా నోటీసుబోర్డు ఆమె చేతిలోనే ఉంది. సోమవారం పొద్దున అవకాశాల ఆఫీసు నుంచి ఒక కాగితం వస్తుంది. రాబోయే పోటీలు, శిబిరాలు, శిక్షణలు, వాటి చివరి తేదీలు అందులో ఉంటాయి. దాన్ని అద్దాల బోర్డులో పెట్టి తాళం వేస్తుంది. మిగిలిన కాపీ ఒకటి ఇంటికి తెస్తుంది. సాయంత్రం చెల్లెలు టీ తాగుతూ, అత్త బఠాణీలో చిక్కుళ్ళో ఒలుస్తూ వింటుంటే ఆమె పైకి చదువుతుంది. ఐదో తరగతితో ఆగిపోయిన చదువు ఆమెది. ‘నిర్మాణ నమూనాల ప్రదర్శన’ అన్న మాట తడబడకుండా పలకడానికి ఒక ఏడాది పట్టింది.

అందుకే బొంగరం బోర్డు వైపు వెళ్ళదు. ఫోనులో కాలేజీ వాట్సాప్ గ్రూపు రోజంతా మోగుతుంటే దాని నోరు ఎప్పుడో మూసేసింది. “మా ఇంట్లోనే నోటీసుబోర్డు ఉంది. టీ కూడా ఇస్తుంది” అని స్నేహితులతో గొప్పలు పోయేది.

“చదువు” అంది మళ్ళీ.

బోర్డక్క కాగితం చేతిలోకి తీసుకుంది. గొంతు సవరించుకుంది.

“ఎనిమిది. మూడో సంవత్సరం సివిల్ విద్యార్థులకు... నదిపై నిర్మాణంలో ఉన్న పెద్ద వంతెన పనిలో ఆరు నెలల శిక్షణ. వసతి అక్కడే. ఇద్దరికి మాత్రమే అవకాశం. చివరి తేదీ శుక్రవారం సాయంత్రం ఐదు.”

“ఏ శుక్రవారం?”

“మొన్నటి...”

“పోయిన సోమవారం నాకిది చదివావా?”

బఠాణీ గింజ ఒకటి పళ్ళెంలోంచి జారి నేల మీద దొర్లింది. ఎవరూ తీయలేదు.

“చదివాను” అంది బోర్డక్క. “నువ్వే ఫోను చూసుకుంటూ ఉన్నావు.”

బొంగరం మొహంలో కోపం ఒక్కసారిగా తడబడింది. నిజమేనేమో, నేనే వినలేదేమో అన్న అనుమానం ఆ కళ్ళలో కదిలింది. అక్క మాటను అనుమానించడం ఆ పిల్లకు అలవాటు లేదు. తనను తాను అనుమానించుకోవడమే తేలిక.

“నేను వినలేదా?” అంది చిన్నగా.

బోర్డక్క కాగితాన్ని మడత పెట్టసాగింది.

“చదవలేదు” అంది అత్త.

“అత్తా, నువ్వూరుకో.”

“ఎందుకూరుకోవాలి? ఏడు, కాంక్రీటు పడవల పోటీ. సిమెంటుతో పడవ చేసి నీళ్ళలో వదలాలట. మునగదా అని నేనడిగితే ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఆ నవ్వయ్యాక నువ్వు కాగితం వైపు చూశావు. ఒక గుటక టీ తాగావు. తొమ్మిది, రక్తదాన శిబిరం అన్నావు. నాకు వారానికి ఉన్న సరదా అదొక్కటే, వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటా. ఏడు తర్వాత తొమ్మిదొచ్చింది.”

“మరప్పుడే ఎందుకు చెప్పలేదు?” అంది బొంగరం.

“పెద్దది మింగిందంటే ఏదో కారణం ఉండే ఉంటుందనుకున్నా. ఈ ఇంట్లో మింగినదాన్ని కక్కించే అలవాటు ఎప్పుడుంది గనక?”

బొంగరం అక్క వైపు తిరిగింది. ఈసారి గొంతు పెంచలేదు.

“ఎందుకక్కా?”

బోర్డక్క కాగితం మడతను గోటితో నొక్కింది.

“రెండేళ్ళుగా వంతెనలు వంతెనలు అని నీ బుర్ర తినేస్తున్నానా లేదా? పుస్తకంలో గీతలు కాదు, నిజం వంతెన కింద నిలబడి చూడాలని ఎన్నిసార్లు చెప్పాను? ఈ కాలేజీకి ఇలాంటిది మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలీదు. ఎందుకు?”

“ఆరు నెలలని ఉంది.”

“ఆరు నెలలైతే?”

“అమ్మ కూడా ఆరు నెలలనే వెళ్ళింది.”

పద్నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ పైకి అనలేదు. తండ్రి పోయిన రెండో ఏడు, ఊరు దాటి కుట్టుమిల్లులో ఆరు నెలల పనికని తల్లి వెళ్ళింది. అప్పటికి బొంగరానికి ఆరేళ్ళు. నాలుగు నెలలు ఫోను చేసింది. తర్వాత ఫోను లేదు, మనిషీ లేదు.

“నేను అమ్మను కాదు” అంది బొంగరం.

“నువ్వూ వెళ్ళేదానివే కదా.”

“వెళ్ళి వచ్చేదాన్ని!”

“ఆవిడా గుమ్మంలో నిలబడి అదే అంది.”

బొంగరం సంచీ దించి కుర్చీలో పడేసింది. “నీ భయం నా గురించి కాదక్కా. నేను వెళ్ళిపోతే సోమవారం సాయంత్రం నువ్వు చదివితే వినడానికి ఎవరూ ఉండరని.”

“నేను మనిషిని కానూ?” అంది అత్త.

మామూలు రోజైతే ముగ్గురూ నవ్వేవాళ్ళు.

బొంగరం తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. విసురుగా వేసినా బాగుండేది. చప్పుడు కాకుండా, నెమ్మదిగా, పరాయి ఇంట్లో తలుపు వేసుకున్నట్టు వేసుకుంది. బోర్డక్క వంగి, నేల మీద బఠాణీ గింజ వెతికి తీసి, ఏం చేయాలో తోచక చేతిలోనే పట్టుకుని నిలబడింది.

తెల్లవారి బొంగరం అక్క కోసం ఆగకుండా కాలేజీకి వెళ్ళిపోయింది.

మూడేళ్ళుగా ఇద్దరూ కలిసే నడిచేవారు. కాలేజీ గేటు దగ్గర ఒకరు తరగతుల వైపు, ఒకరు ఆఫీసు వైపు విడిపోయేవారు. ఆ విడిపోవడానికే బోర్డక్క రోజూ నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగి చూసేది. ఇవాళ గేటు దగ్గర తిరిగి చూడడానికి ఎవరూ లేరు.

బోర్డు గోడ దగ్గర జనం లేరు. అద్దం వెనక నిన్న పెట్టిన కొత్త కాగితం ఉంది. పోయిన వారం కాగితం ఆమె బీరువాలో, తీసేసిన కాగితాల కట్ట మీద ఉంది. ఆమె దాన్ని బయటికి తీసి వెనక్కి తిప్పింది.

ప్రతి కాగితం వెనకా పెన్సిలుతో రెండు మాటలు రాయడం ఆమె పద్ధతి. పెట్టిన రోజు, తీసిన రోజు. ఎవరూ చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారం, రాయడం మరచిపోకుండా ఉండాలని మొదలుపెట్టింది. అందులో ఒక్క అబద్ధమైనా లేదు. బోర్డు మీద ఎక్కిన ఏ కాగితంలో చూసినా, ఎవరో ఒకరు ఎక్కడికో వెళ్ళడమే ఉండేది. వాళ్ళు తిరిగొచ్చారో లేదో ఏ కాగితమూ చెప్పేది కాదు. కనీసం తేదీలైనా తన దగ్గర ఉండాలని రాసుకునేదేమో.

‘పెట్టింది: సోమ’ అని ఉంది.

ఆమె రబ్బరు తీసుకుని ‘సోమ’ చెరిపింది. ‘గురు’ అని రాసింది. చివరి అక్షరం కిందికి జారింది.

అవకాశాల ఆఫీసు మేడం అప్పుడే కంప్యూటరు తెరుస్తోంది. నలభై దాటని మనిషి. మాట తక్కువ, పని ఎక్కువ. ప్రిన్సిపాలుతో సహా అందరిలాగే ఆమె కూడా ‘బోర్డక్కా’ అనే పిలుస్తుంది.

“ఏం బోర్డక్కా, పొద్దున్నే?”

“తప్పు జరిగింది మేడం. పోయిన వారం కాగితం నేను సోమవారం పెట్టలేదు. గురువారం పెట్టాను.”

మేడం చేయి మౌసు మీద ఆగింది. “మీరా?”

“ఒంట్లో బాగోలేదు. మరచిపోయాను.”

“వంతెన శిక్షణకి ఐదుగురు దరఖాస్తు పెట్టుకున్నారే. వాళ్ళకెలా తెలిసింది?”

“ఫోనుల్లో చూసి ఉంటారు.”

“ఇవాళ మూడింటికి ఆ ఐదు పేర్లూ పంపించేయాలి.”

“నాలుగు రోజులు బోర్డు మీద లేని ప్రకటన చెల్లదని రూలు ఉంది కదా మేడం. మీ గోడ మీద ఉంది. ఆరోది.”

మేడం గోడ వైపు చూడలేదు. బోర్డక్క వైపే చూసింది.

“మీ చెల్లెలు సివిల్ మూడో సంవత్సరం కదూ?”

“అవును.”

“ఆ ఐదుగురిలో ఉందా?”

“లేదు.”

మేడం చేయి చాచింది. కాగితం తీసుకుని వెనక్కి తిప్పింది. పెన్సిలు చెరిపిన చోట కాగితం కాస్త గరుకుగా లేచి ఉంది. మేడం బొటనవేలు ఆ గరుకు మీదికి వెళ్ళింది. అక్కడే కాసేపు ఉంది.

బోర్డక్క నేల వైపు చూస్తూ నిలబడింది. ‘అడగండి. అడిగితే చెప్పేస్తాను’ అనుకుంది. మేడం అడగలేదు.

“ఇది రాసిచ్చారంటే మీ మీద చర్య ఉంటుంది. నేను ఆపలేను.”

“తెలుసు మేడం.”

“గడువు అందరికీ పెంచాలి. మీ చెల్లెలికి ఒక్కదానికే కాదు.”

“అందరికీ పెంచండి.”

మేడం తెల్లకాగితం ముందుకు తోసింది. బోర్డక్క రాసింది. నాలుగు వాక్యాలకు పావుగంట పట్టింది. కింద సంతకం పెట్టింది. చెల్లెలి ప్రతి దరఖాస్తు కిందా ‘సంరక్షకురాలు’ అన్నచోట పెట్టిన సంతకమే అది.

“బోర్డు తాళంచెవి ఇక్కడ పెట్టి వెళ్ళండి” అంది మేడం. కాస్త ఆగి, “ఇక నుంచి స్టోరు గది చూసుకోండి” అంది.

తాళంచెవి బల్ల మీద పెట్టినప్పుడు పెద్దగా చప్పుడు కూడా కాలేదు.

మధ్యాహ్నానికి కొత్త నోటీసు బోర్డెక్కింది. ఎవరు ఎక్కించారో గాని వంకరగా ఎక్కించారు. ‘బోర్డులో ఆలస్యంగా ఉంచిన కారణంగా వంతెన శిక్షణ దరఖాస్తుల గడువు గురువారం మధ్యాహ్నం పన్నెండు దాకా పొడిగించడమైనది.’ విద్యార్థులు గుంపుగా వచ్చి ఫోటోలు తీసుకున్నారు. “ఎవరో నిద్రపోయారన్నమాట” అన్నాడొకడు. “ఎవరైతేనేం, మనకి కలిసొచ్చింది” అన్నాడు ఇంకొకడు. బోర్డక్క స్టోరు గది గుమ్మంలో నిలబడి విన్నది. ఆ వంకర కాగితాన్ని సరిచేయడానికి చేయి లాగుతున్నా, అద్దానికి తాళం ఉంది.

బొంగరం ఆ గుంపు వెనక వచ్చింది. మునివేళ్ళ మీద లేచి చదివింది. అటూ ఇటూ చూసింది. స్టోరు గది వైపు మాత్రం చూడలేదు.

సాయంత్రం బోర్డక్క ఇంటికి వచ్చేసరికి బొంగరం బల్ల దగ్గర దరఖాస్తు నింపుతోంది. అత్త పక్కనే కుర్చీ జరుపుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో ఒలవడానికి ఏమీ లేదు.

“వచ్చావా?” అంది అత్త. అది పలకరింపులా లేదు.

“టీ పెట్టనా?” అంది బోర్డక్క.

“నేను పెట్టి ఫ్లాస్కులో పోశాను” అంది బొంగరం, తలెత్తకుండా.

బోర్డక్క సంచీలోంచి నీలం పెన్ను తీసి బల్ల దగ్గరికి వచ్చింది. “సంతకం ఎక్కడ?”

బొంగరం దరఖాస్తు మీద చేయి వేసింది.

“ఆ కాగితం సోమవారం నుంచే బోర్డు మీద ఉందక్కా. కళ్ళజోడు మంగళవారం దాన్ని బోర్డు మీదే చూశాడు. నాతో చెప్పాడు.”

“మేడంతో చెప్తాడా?”

“చెప్పడు. చెప్పాల్సింది వాడే. నిన్నటిదాకా ఐదుగురిలో ఇద్దరు. ఇవాళ సాయంత్రానికే ఇరవైముగ్గురు పెట్టారు, వాళ్ళలో ఇద్దరు. వాడికి పోయింది, నాకూ సగం పోయింది. అయినా చెప్పడు.”

“నీకు దారి తెరవాలని...”

“మొదట మూసిందెవరు? తెరవడానికి నువ్వు మేడంకి మళ్ళీ అబద్ధమే రాసిచ్చావట. నాకు ఒక్క మాట చెప్పి ఉంటే ఇద్దరం వెళ్ళి మేడం కాళ్ళ మీద పడేవాళ్ళం. కుదిరితే కుదిరేది, లేకపోతే లేదు. ఇప్పుడు ఆ వంతెన మీద నేను నిలబడినా, నీ అబద్ధపు కాగితం మీద నిలబడినట్టే.”

బోర్డక్క పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టింది.

“తిట్టు. తప్పే. గురువారం దాకా టైముంది. ముందు సంతకం పెట్టనీ.”

“వద్దు.”

“వద్దంటే?”

“పొద్దున అబద్ధం కింద పెట్టిన సంతకం దీని కింద వద్దు.”

ఆ మాట అనేటప్పుడు బొంగరం గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బోర్డక్క తట్టుకునేది.

“మరెవరు పెడతారు?” అంది. “అత్తకి గీత కూడా కనపడదు.”

“ఇక్కడ ‘తల్లి, తండ్రి లేదా సంరక్షకులు’ అని ఉంది. తల్లి ఉంది కదా.”

“ఎక్కడుంది? బతికుందో లేదో...”

బొంగరం పెన్ను కింద పెట్టింది. అత్త వైపు చూసింది. అత్త ఖాళీ ఒళ్ళో వేళ్ళు ఒకదానిలో ఒకటి పెనవేసుకుంది.

“అత్తా?” అంది బోర్డక్క.

“మీ అమ్మ దగ్గర్నుంచి ఏడాదికొక ఉత్తరం వస్తుంది” అంది అత్త. “పక్కింటి టైలరమ్మ పేరు మీద. ఆవిడే నాకు చదివి పెడుతుంది. నీకు చెప్పొద్దని రాసింది. పెద్దదాని మొహం చూసే ధైర్యం లేదంది. నేను చెప్పలేదు.”

“ఎన్నేళ్ళుగా?”

“తొమ్మిదో, పదో.”

“నా ఇంట్లో కూర్చుని, నా చేతి కూడు తింటూ... పదేళ్ళు నాకు చెప్పకుండా...”

“నువ్వు వారం రోజులు దాచావు, నేను పదేళ్ళు దాచాను” అంది అత్త. “ఇద్దరం పిల్ల వెళ్ళిపోతుందనే దాచాం. పొద్దున అది అమ్మ గురించి అడిగింది. ఇక దాయలేక చెప్పేశాను.”

బోర్డక్క కుర్చీ వీపు పట్టుకుంది. “ఎంత దూరం?”

“బస్సులో రెండు గంటలు” అంది బొంగరం.

పద్నాలుగేళ్ళుగా బోర్డక్క తల్లిని చాలా దూరాల్లో ఊహించుకుంది. భాష తెలియని ఊళ్ళలో, మనిషి ఆచూకీ దొరకని నగరాల్లో, ఒక్కోసారి మట్టి కింద కూడా. రెండు గంటల దూరంలో ఎన్నడూ ఊహించలేదు. పొద్దున వెళితే సాయంత్రం టీ వేళకు వచ్చేయగల దూరం. అంత దగ్గరలో ఉండి రాలేదంటే, రాలేక కాదు.

“రేపు ఏడింటికి బస్సు” అంది బొంగరం. దరఖాస్తును రెండు అట్టల మధ్య పెట్టి సంచీలో దోపింది. “సంతకం పెట్టించుకుని వచ్చేస్తా. ఎల్లుండి పన్నెండులోగా ఇచ్చేయాలి.”

“ఒక్కదానివే వెళ్తావా?”

“ఒక్కదాన్నే.”

ఫ్లాస్కులో టీ ఎవరూ పోసుకోలేదు. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్ళారు.

బొంగరం తన గది తలుపు దాకా వెళ్ళి, తలుపు మీద చేయి వేసి ఆగిపోయింది. వెనక్కి తిరగలేదు. తలుపుతోనే మాట్లాడుతున్నట్టు అంది.

“నాకు ఆవిడ మొహం గుర్తు లేదక్కా. తలుపు తీసిన మనిషి ఆవిడేనో కాదో నాకెలా తెలుస్తుంది?”